పిడుగురాయికి పసుపు ఎట్లొచ్చె
(‘బూదిగుట్ట’ నవల, పన్నెండో వారం)

పోయిన వారం మనం కృతిని ప్లాస్టిక్ బేసిన్ ముందర గొంతుకూర్చోబెట్టి, వదిలేసి వచ్చినాము. ఏడు దినాలుగా ఆ పిల్ల అట్లే కూర్చొని ఉంది. కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి, ముందు లేపుదాము.

మరిచిపోయినవాళ్ళకూ, పోయిన వారం పుస్తకాన్ని పక్కింటోళ్ళు ఎత్తుకపోయినవాళ్ళకూ నాలుగు మాటలు. ఎమ్మిగనూరు నుంచి గోనెగండ్లకు పోయే దోవలో, నల్లరేగడి చేన్ల నడుమ బూదిగుట్ట ఉంది. పేరుకు తగ్గట్టు గుట్టంతా బూడిదే. ఎవరిది ఆ బూడిద అంటే ఇంటికొక మాట చెప్తారు. కొందరు రాక్షసుని చితి అంటారు. కొందరు ఆ రాక్షసుడు బతికుండంగానే బీడీలు తాగి దులిపింది అంటారు. నేను రెండోదే నమ్ముతా. చచ్చినోని బూడిద ఒక కుండెడు. బీడీ అలవాటున్నోని బూడిదకు లెక్క ఉండదు. మా తాత కాలంలో గుట్ట ఇంకా ఎత్తుండేదట. పొద్దు పొడిస్తే దాని నీడ ఆదోని మీద పడేదట. బట్టలు ఆరడం లేదని ఆదోని ఆడోళ్ళు బండ్లు కట్టుకొని తగువుకు వచ్చినారట. మా తాత అబద్ధం చెప్పే మనిషి కాడు. ఆయనకు అంత ఓపిక లేదు.

కృతి మంత్రాలయంలో బడిపంతులు హయగ్రీవాచార్ల కూతురు. పాతకాలపు మనుషులు ఎట్లా బతికినారో మన్ను తవ్వి తెలుసుకునే చదువు చదివింది. యూనివర్సిటీలో ఆమెకు పెద్దదిక్కు రంగనాథ సారు. ఆయన మూడు వారాలు గడువిచ్చి, గుట్టలో మనుషుల జాడ దొరికితే ఇంకో నెల తవ్వమనీ, లేకుంటే గుంత పూడ్చి వచ్చేయమనీ చెప్పి పంపినాడు. రెండు వారాలు బూడిద తప్ప ఇంకేమీ రాలేదు. మూడో వారం సోమవారం పొద్దున, గుంతలో పనిచేసే రూత్ తాపీకి ఒక నల్లరాయి తగిలింది. అరచేయంత పొడవు, అద్దమంత నునుపు, ఒక పక్క పదును. పాతకాలపు రాతిగొడ్డలి. కృతి ఫోటో తీసి సారుకు పంపింది. గురువారం పదకొండు గంటలకు వస్తాననీ, అంతవరకూ ఆ మూల ముట్టొద్దనీ సారు జవాబిచ్చినాడు. గురువారం ఎనిమిదికి, సారు వచ్చేలోపల రాయిని శుభ్రంగా పెడదామని కృతి దాన్ని నీళ్ళలో ముంచింది.

నీళ్ళు పసుపుపచ్చగా మారినాయి. పోయిన వారం మనం ఆగింది ఆడనే.

రాళ్ళమీద పసుపు ఎప్పటినుంచీ పూస్తున్నారో నాకు తెలియదు, మీకూ తెలియదు. కాని నాలుగువేల యేండ్లు మన్నులో పడుకున్న పసుపు, నిన్న అంగట్లో పొట్లం కట్టించుకొచ్చినట్టు వాసన రాదు. కృతి వేలు ముంచి వాసన చూసింది. మళ్ళా చూసింది. మూడోసారి చూడలేదు.

అప్పుడే రూత్ టీ తెచ్చింది. బేసిన్ చూసింది, రాయిని చూసింది, కృతి ముఖం చూసింది. టీ గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించి చెప్పింది:

“తుడిచేస్తే పోతాది కదక్కా.”

“పోతాది. నాకు తెలిసింది పోతాదా?”

ఎవరో ఆ రాయిని తెచ్చి గుంతలో పెట్టినారు. ఒకసారి అట్లా చెయ్యి పడిందంటే ఆ గుంతలో ఇక ఏది దొరికినా ఎవరూ నమ్మరు. ఇది కృతి సొంతంగా తవ్విన మొదటి గుంత. నిజం చెప్తే సారు ఈరోజే పూడ్చమంటాడు. చెప్పకుంటే ఆ రాయి మ్యూజియంలో అద్దం వెనక కూర్చొని, ఈమె బతికినన్నాళ్ళూ ఈమె వైపే చూస్తుంటుంది. మూడు గంటలే ఉన్నాయి.

గుంత అంచున ఏసన్న కూర్చొని పారకు అంటిన మన్ను గీకుతున్నాడు. ఏసన్న రూత్‌కు మామ. ఊళ్ళో చర్చివాళ్ళకు సమాధులు తవ్వేది ఆయనే, నలభై యేండ్లుగా. మాట తక్కువ మనిషి, ఆయన పని అట్లాంటిది మరి, ఆయన గిరాకీలు కూడా మాట్లాడరు. కృతి రాయిని ఆయన ముందర పెట్టింది. ఆయన రాయిని చూడలేదు.

“సోమవారమే తెలుసు పాపా.”

కృతి ఆయన పక్కనే మన్నులో కూలబడింది. ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చినాడు.

“ఒకసారి తవ్విన మన్ను, తిరిగి పూడ్సినా మునుపట్లా కూర్సోదు. మా తాత పూడ్సిన సమాధిని గూడ పార ఆనిస్తే సెప్తా. ఈ రాయి సుట్టూ జానెడు మేర మన్ను వదులు. కొత్త వదులు.”

“మరి నాకెందుకు చెప్పలేదన్నా?”

“నువ్వు నవ్వితివి. వచ్చిన పద్నాలుగు దినాల్లో నువ్వు నవ్వింది అదే మొదలు. సెప్పబుద్ధి కాలేదు.”

పెట్టింది తాను కాదని ఆయన ఒట్టు వేయబోతే కృతి ఆపింది. ఒట్లు అవసరం లేదని ఆమెకు తెలుసు. చూపున్న మనిషి పెట్టి ఉంటే మన్ను అంత వదులుగా వదిలిపెట్టడు.

కృతి దగ్గర రెండు పుస్తకాలు ఉంటాయి. నీలం అట్టది గుంతది. ఏ పొర ఎంత లోతు, ఏ రంగు, ఎవరు తవ్వినారు, అన్నీ అందులో. ఎర్ర అట్టది ఊరిది. పొయ్యి ఏ దిక్కున పెడతారు, పేడ ఎక్కడ ఆరబెడతారు, రాక్షసుడు తాగింది ఏ రకం బీడీ, అన్నీ అందులో. చచ్చినోళ్ళ పొయ్యి అర్థం కావాలంటే బతికినోళ్ళ పొయ్యి కాడ కూర్చోవాలని రంగనాథ సారు చెప్పే మాట. అందుకని పొద్దుటిపూట గుంతలో, సాయంత్రం ఊళ్ళో తిరిగి ఆమె రాసుకునేది. ఊళ్ళోవాళ్ళకు ఎర్ర పుస్తకమంటేనే ఇష్టం. అందులో తమ పేర్లు ఉంటాయి కదా.

ఎవరు చేసినారని ఊరంతా తిరిగి అడగడం కంటే, తాను ముందే ఏం చూసిందో చూడాలనిపించి కృతి ఎర్ర పుస్తకం తెరిచింది. నాలుగో దినం పేజీలో చెయ్యి ఆగింది. తన రాతే: “మద్దమ్మ గొర్రెల దొడ్డి. గోడ గూట్లో నల్లరాయి. పిడుగుతో పాటు పడిందని పిడుగురాయి అంటారు. శుక్రవారం పసుపు. గొర్రె పాలు ఎగబట్టితే ఈ రాయి కడిగిన నీళ్ళు తాపుతారు.” కింద పెన్సిలు బొమ్మ. బొమ్మలో రాయికి ఎడమ మూల గోరంత పెచ్చు ఊడి ఉంది.

బేసిన్‌లో రాయికీ అదే మూల, అదే పెచ్చు.

తన చేత్తో గీసిన రాయి. సోమవారం అదే చేత్తో పట్టుకొని గుర్తుపట్టలేదు. ఇందులో వింతేమీ లేదు. తప్పిపోయిన మేక కోసం తిరిగేటోనికి చీకట్లో ప్రతి పొదా మేకే. పదిహేను దినాలు గొడ్డలి కోసం కలలు గన్న పిల్లకు, పసుపు మీద బూడిద కప్పుకొచ్చిన రాయి గొడ్డలి కాక ఇంకేమవుతుంది?

ముగ్గురూ మద్దమ్మ దొడ్డికి నడిచినారు.

మద్దమ్మను మీకు ఇదివరకే చూపించినా. అరవై దాటిన గొర్రెల మనిషి. కృతి వచ్చిన దినం నుంచీ ఆ పిల్లకు జొన్నరొట్టె, పుండికూర ఆమె ఇంటి నుంచే. కూర్చుంటే ఎడమ కాలు చీరంచు కింద దాచుకొని కూర్చుంటుంది. చిన్నప్పటి అలవాటు. ఎందుకని అడిగితే తట్టతో కొడుతుంది. నేను ఒకసారి అడిగినా.

గొర్రెలు మేతకు పోయినాయి. దొడ్డి ఖాళీగా ఉంది. మద్దమ్మ పిడికెడు పిడికెడు పేడ ఎత్తి గంపలో వేస్తోంది. ముగ్గురు ఒకేసారి రావడం చూసి ఆమె చేతులు ఆగినాయి గాని నోరు ఆగలేదు. ఇంత పొద్దున్నే పని వదిలి వచ్చినారు, గుట్ట ఏమన్నా లేచి తుగ్గలి పోయిందా అని అడిగింది.

కృతి గూటి వైపు చూసింది. గూట్లో రాయి ఉండిన చోట నూనె మరక గుండ్రంగా అట్లే ఉంది. దాని నడుమ, ఒళ్ళంతా పసుపు పూసుకొని, నడినెత్తిన కుంకుమ పెట్టుకొని, ఒక పొట్టి గుండ్రాయి నిలబడి ఉంది.

“అవ్వా,” అన్నది రూత్, “అది నా పచ్చడిబండ.”

ఆ బండ కోసం రూత్ నాలుగు దినాలుగా వెతుకుతోంది. ఎత్తుకపోయింది పక్కింటి హనుమంతమ్మే అని తీర్మానించి ఆమెతో మాటలు మానేసింది. హనుమంతమ్మ ఊరుకుంటుందా, తానూ మానేసి, ఆ పైన చూపులు కూడా మానేసింది. రెండిళ్ళ కోళ్ళకు కూడా సంగతి తెలిసి ఒకదాని పెంటదిబ్బ మీదికి ఒకటి పోవడం లేదు.

“దేవుని గూడు వట్టిగా పెట్టగూడదు మే,” అన్నది మద్దమ్మ. “నాలుగు దినాలకు బదులు తెచ్చుకున్నా. మళ్ళా ఇస్తా గదా.”

“అడిగి తీసుకోగూడదా?”

“అడిగితే ఎందుకని అడుగుతావు.”

దాంతో ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. మద్దమ్మ గంప పక్కన పెట్టి, చీరంచు సర్దుకొని కూర్చుంది. కృతి ఎదురుగా కూర్చుంది. అరవలేదు. అరిచి ఉంటే మద్దమ్మకు సులువయ్యేది.

ఆదివారం పొద్దున ఏసన్నోళ్ళంతా చర్చికి పోయినారు. కృతి అమ్మానాయన్లను చూడడానికి మంత్రాలయం బస్సెక్కింది. గుట్ట మీద కుక్క కూడా లేదు. మద్దమ్మ ఒడిలో రాయి పెట్టుకొని పోయి, రూత్ పనిచేసే మూల చూసుకొని, ఇనుప గరిటెతో గుంత తీసి, రాయి పెట్టి పూడ్చి వచ్చింది. ఇంతే జరిగింది. ఎందుకనేదే కృతికి కావాల్సింది.

“వారం తిరిగితే నువ్వు ఎల్లిపోతావంటిరి,” అన్నది మద్దమ్మ. “మా ఊరికొచ్చిన ఆడబిడ్డ వట్టి ఒడితో దోవ పట్టగూడదు పాపా. బియ్యం పోద్దామంటే ఉండాయి. కొబ్బరిగిన్నె ఉంది, రవికగుడ్డ ఉంది. అవి సూసి మీ సారు గడువిస్తాడా? ఆయనకు కావాల్సింది రాయి. మా ఇంట్లో ఉంది. ఇస్తి.”

“నా చేతికి ఇవ్వొచ్చు కదవ్వా.”

“ఇంటి దేవున్ని సేతికిస్తే తీసుకుంటావా? తీసుకోవు. మన్నులో దొరికితే తీసుకుంటావు.”

కృతికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ముఖం ఎట్లా ఉంటుందో ఎమ్మిగనూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికి, పక్కన చేపల గంప వచ్చినప్పుడు చూసుకోండి.

రాయి దొంగది కాదని కృతి చెప్పింది. అది నిజంగానే పాతకాలపు మనుషులు అరగదీసి చేసిన గొడ్డలే. ఎప్పుడో చేన్లో దున్నుతుంటే పైకి వచ్చి ఉంటుంది, మద్దమ్మ అత్తగారి అత్తగారు పిడుగురాయి అనుకొని ఇంట పెట్టుకొని ఉంటారు. అయినా దానితో గుట్ట గురించి ఏమీ తెలియదు.

“రాయి అబద్ధం చెప్పదవ్వా. కాని అది యాడ ఉండింది, పక్కన ఏముండింది, పైన ఏ పొర కప్పుకుంది, మాకు అదే మాట. నువ్వు తెచ్చి పెట్టినావంటే దాని నోట్లో నీ మాట పెట్టినట్టు.”

మద్దమ్మ పేడ అంటిన వేళ్ళు చూసుకుంటూ, ఎవరికో కాదు, తనకే చెప్పుకున్నట్టు మాట్లాడింది.

“తోడేలు పట్టిన గొర్రె దొరికితే మేము గొర్రెను సూడము. సుట్టూ మన్ను సూస్తాము. యాడనుంచి వచ్చె, ఎన్ని వచ్చె, ఎటు పాయె. ఆ మన్ను ఎవురన్నా తొక్కితే మా మామ కట్టె తీసుకొని తరుముతాండె.” తలెత్తింది. “నేను జాడ తొక్కినా పాపా.”

చదువుకున్నోళ్ళకు రెండేండ్లు పాఠం చెప్తే గాని తలకెక్కని సంగతి, గొర్రెల మనిషికి అంతలో ఎక్కింది. కృతి ఆమె చెయ్యి పట్టుకుంది. చేతికి పేడ అంటింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

“అయితే ఆ కిందుండే జాడలు గూడ పాడు సేసినానేమో,” అన్నది మద్దమ్మ.

“ఏ జాడలు?”

“గుంత తీస్తాంటే కింద గట్టిగా తగిలె. ఊది సూస్తే ఆవు గిట్ట. పక్కన ఇంకోటి సిన్నది, దూడది. పేడలో పడిన గిట్టలు మీ సదువుకు ఏం పనికొస్తాయిలే అని రాయి పెట్టి పూడిస్తి.”

కృతి పరుగెత్తింది. ఎట్లా పరుగెత్తిందంటే, దొడ్డి గడప కాడ కుడికాలి చెప్పు ఊడి గాల్లోకి లేచింది. అది కింద పడేలోపల ఎడమ కాలు గుట్ట మీద ఉంది. నమ్మనోళ్ళు రూత్‌ను అడగండి. చెప్పు ఏరుకొచ్చింది ఆమే, ఒక చేతిలో చెప్పు, ఒక చేతిలో పచ్చడిబండ.

గుంతలో వదులు మన్నును ఏసన్న చెంచాతో తీసినాడు. సమాధులు తవ్విన చేతులు అవి, చెంచా పట్టుకుంటే పసిబిడ్డకు పాలు పట్టినట్టుంది. వదులుది మాత్రమే వచ్చింది, గట్టిది ఒక పలుకు కూడా కదల్లేదు. జానెడు లోతున అడుగు తేలింది. కాలిన ఇటుక మాదిరి గట్టిగా, తెల్లగా ఒక పెళ్ళ. దాని మీద రెండు చీలికల గిట్ట, లోతుగా. దాని పక్కన అట్లాంటిదే, రూపాయి బిళ్ళంత చిన్నది. మూడోది సగమే కనపడుతోంది.

మద్దమ్మ గుంత అంచున బోర్లా పండుకొని తల లోపలికి వంచింది. ఆమె చదువు మొదలైంది.

పెద్దది సూడి ఆవుదని చెప్పింది, బరువుకు వెనకగిట్ట అంత దిగబడింది. చిన్నది ఇంకా పాలు మానని దూడది. మూడోది వేరే ఆవుది, వెనక ఎడమ కాలు కుంటుతోంది, కొస మాత్రమే మోపింది చూడండి అన్నది. కృతి నీలం పుస్తకంలో రాసుకుంటూనే ఎర్ర పుస్తకం కూడా తెరిచింది. ఏది ఎందులో రాయాలో ఆమెకు తెలియలేదు.

“ఇది దొడ్డి పాపా,” అన్నది మద్దమ్మ. “మంద కట్టే తావు. దినాం పేడ పడతాది, తొక్కుతాయి, ఎండుతాది. గొడ్ల నెత్తురు తాగే పిడుదులు ఎక్కువైతే నిప్పు పెడతాము. మళ్ళా మంద కడతాము. మేము ఇప్పుడూ అంతే.”

“గుట్టంతానా?” అన్నాడు ఏసన్న.

“ఎన్ని తరాలు పెట్టిరో నిప్పు.”

రూత్ గుట్టను కింది నుంచి పైదాకా చూసింది. “ఇంత గుట్టా పేడేనా? మరి రాక్షసుడు?”

“రాక్షసుడు లేడు మే. ఆవులుండాయి.”

నాకు మాత్రం ఆ బీడీ మీద ఇంకా కొంచెం ఆశ ఉంది. అది నా సొంత విషయం.

అప్పుడు జీపు వచ్చింది.

రంగనాథ సారు భారీ మనిషి. దిగడానికి జీపుకు, ఆయనకు ఇద్దరికీ కొంచెం టైము పడుతుంది. నెత్తిన టోపీ, చేతిలో సంచి, ముఖం నిండా సంతోషం. దిగుతూనే గొడ్డలి ఏదని అడిగినాడు. ఫోటో వచ్చిన దినం నుంచి కనపడిన వాళ్ళందరికీ చూపించినానని, ఇంట్లో అంబాబాయి పూజగది ముందర కూడా ఫోన్ పెట్టించిందని చెప్పుకొచ్చినాడు. అంబాబాయి ఆయన భార్య. ఆ సంతోషం చూస్తూ నిజం చెప్పడం కంటే గుంతలోకి దూకడం నయం.

కృతి దూకలేదు. బేసిన్ తెచ్చి ఆయన ముందర పెట్టింది.

“ఈ రాయి గుంతలోది కాదు సార్. ఆదివారం పెట్టినది. ఎవరు పెట్టినారో, ఎందుకో, అంతా రాసి పెట్టినాను. నేనే గుర్తుపట్టాల్సింది. పట్టలేదు.”

సారు నీళ్ళు చూసినాడు. టోపీ తీసి మళ్ళా పెట్టుకున్నాడు. ఫోటో చూసిన వాళ్ళందరూ ఒక్కొక్కరే ఆయన ముఖం మీదుగా నడిచిపోయినారు. చివరన అంబాబాయి పోయింది. పెట్టింది ఈమేనా అని మద్దమ్మ వైపు చూసినాడు. మద్దమ్మ తల వంచుకుంది గాని దాక్కోలేదు.

“దేవుడు కదమ్మా,” అన్నాడు సారు కడకు. “తీసుకపోయి గూట్లో పెట్టుకో.”

తరువాత కృతి గిట్టలు చూపించింది. సారు మోకాళ్ళు మూలుగుతున్నా గుంతలోకి దిగినాడు. చాలాసేపు చూసినాడు. లేచినప్పుడు ఆయన కండ్లు మెరుస్తున్నాయి గాని గొంతు గట్టిగానే ఉంది. తాను నమ్ముతున్నానని చెప్పినాడు. తాను నమ్మితే చాలదనీ చెప్పినాడు. ఒకసారి చెయ్యి పడిన గుంత ఇది, రాయి పెట్టినోళ్ళు గిట్టలు చెక్కలేదా అని ఎవరైనా అడిగితే జవాబు ఉండాల. ఎవరి చెయ్యీ పడని మన్ను కింద, తన కండ్ల ముందర, ఇట్లాంటి జాడ ఇంకొకటి తేలాల. లేకుంటే సాయంత్రం గుంత పూడ్చి, మనుషులను పంపించేయాల్సిందే.

గుట్ట చిన్నదేం కాదు. యాడని తవ్వేది? కృతి ఏసన్నను చూసింది. ఏసన్న మద్దమ్మను చూసినాడు.

మద్దమ్మ గొర్రెలకట్టె తీసుకుంది. కుంటి ఆవు సగం గిట్ట కాడికి పోయి, కట్టెను మన్ను మీద పరిచి, ఒక మూర కొలిచింది. ఇంకో బెత్తెడు జరిగింది. కట్టె కొన నేలకు ఆనించి నిలబడింది.

“కుంటిది తర్వాతి అడుగు ఈడ ఏస్తాది. కుడికి ఒరిగి ఏస్తాది.”

సారు నవ్వలేదు. అది మంచి గుణం. ఏసన్న వంగి ఆ చోటు మన్నును అరచేత్తో తట్టి, వేలితో గీరి, ఇది ఎవరూ ముట్టని మన్ను అని చెప్పినాడు. ప్రతి పొరకూ ఫోటో తీస్తూ, ప్రతి గంపా జల్లెడ పడుతూ దిగినారు. పన్నెండైంది. ఒంటిగంటైంది. ఎండకు బూడిద వేడెక్కి గుట్ట మళ్ళా అంటుకుందేమో అన్నట్టుంది. రొట్టెలు వచ్చినాయి, ఎవరూ తినలేదు. సారు ఒక్కడే తిన్నాడు, మూడు. ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గుంత చుట్టూ చేరినారు. హనుమంతమ్మ కూడా వచ్చింది. పచ్చడిబండ చూసింది, రూత్‌ను చూసింది, పక్కన నిలబడి గొడుగు రూత్ మీదికి వంచింది.

రెండు గంటలప్పుడు రూత్ బ్రష్షు కింద తెల్ల పెళ్ళ తేలింది. దాని మీద ఒక గుంట. రూత్ ఊదింది. రెండు చీలికలు. కుడికి ఒరిగి. కొస మాత్రమే.

ఎవరూ ఈల వేయలేదు, చప్పట్లు కొట్టలేదు. నాలుగువేల యేండ్ల కింద ఒక ఆవు కుంటుకుంటూ నడిచిపోయిన చప్పుడు అందరికీ వినపడినట్టు ఊరికే నిలబడినారు. సారు సంచిలో నుంచి కాగితం తీసి, గుంత గట్టు మీదనే పెట్టి, ఇంకో నెలకు సంతకం చేసినాడు. తవ్వేవాళ్ళ పేర్లు రాసే చోట మద్దమ్మ పేరు కూడా రాయమని కృతికి చెప్పి, ఆమె పనికి ఏమని పేరు పెట్టాలో తోచక, “జాడ చదివే ఆమె” అని తానే రాసినాడు.

కృతి నవ్వింది. ఇది రెండోసారి. ఏసన్న లెక్కపెట్టినాడు.

కథ ఇక్కడ ఆపితే మీరు సుఖంగా నిద్రపోతారు. నేనూ నిద్రపోయేవాణ్ణి. కాని రూత్ చెయ్యి ఊరుకోదు కదా. కుంటి ఆవు గిట్ట అంచును శుభ్రం చేస్తూ చేస్తూ బ్రష్షును ఒక జానెడు పక్కకు పోనిచ్చింది.

“అక్కా,” అన్నది. “దీని ఎనకాల తోలుకపోయే మనిషుండాడు.”

మనిషి పాదం. ఎడమది. మడమ, అరికాలి వంపు, బొటనవేలు. ఇటుకలాంటి ఆ పెళ్ళలో అచ్చు పోసినట్టుంది. ఏసన్న గునపం కొసతో పక్కన తట్టినాడు, కణకణమని మోగింది. రాతి మీద రాత. సారు మళ్ళా గుంతలోకి దిగినాడు, ఈసారి మోకాళ్ళు మూలగడం కూడా మరిచిపోయినాయి. రూత్ ఒక్కొక్క వేలి సందులో బూడిద ఊదుకుంటూ లెక్కపెట్టింది. ఆపి, మొదటి నుంచి లెక్కపెట్టింది. సారు లెక్కపెట్టినాడు. కృతి కూడా లెక్కపెట్టింది. ముగ్గురికీ ఆరే వచ్చినాయి.

సారు తలెత్తి, గట్టు మీద కట్టె ఆనించుకొని నిలబడిన మద్దమ్మను చూసినాడు. గొంతులో సగం నవ్వు, సగం భయం.

“అమ్మా, ఇది కూడా నువ్వే పెట్టినావా?”

మద్దమ్మ గుంతలోకి వంగి చూసింది. చూస్తూనే ఉంది. ఊరంతా ఆమెను చూస్తోంది.

“నేను పెట్టలేదు సారూ,” అన్నది. “ఎవురు పెట్టినారో మాత్రం నాకు తెలుసు.”

అని, అరవై యేండ్లుగా ఎవరికీ చూపించని ఎడమ కాలును చీరంచు కింద నుంచి బయటికి తీసింది.